తుంగముస్తలు: తొట్టిలో పెంచండి, తోటలో వదలకండి

చెరువు గట్టున, వరిమడి గట్టున, పెరట్లో నీళ్ల తొట్టి పక్కన, ఎక్కడ నాలుగు రోజులు తడి నిలిస్తే అక్కడ తలెత్తే మొక్క తుంగ. రైతుకు అది కన్నెర్ర. పీకిన కొద్దీ మొలుస్తుంది. అదే మొక్క దుంపను ఎండబెట్టి, తుంగముస్తలు అని పేరు పెట్టి, పచారీ కొట్టులో పొట్లం కట్టి ఇస్తే మనం డబ్బిచ్చి కొనుక్కుంటాము. నలుగుపిండిలో వేస్తాము, జ్వరానికి కషాయం కాస్తాము, పిల్లలకు విరేచనాలైతే "కాస్త తుంగముస్తలు అరగదీసి పట్టండి" అని పెద్దవాళ్లు చెప్పగా వింటాము.

కొట్టులో కొన్నవి పాతబడి పుచ్చిపోయి ఉంటున్నాయి, ఇంట్లోనే పెంచుకోవచ్చునా అని అడిగే పాఠకులు ఉన్నారు. పెంచుకోవచ్చు. చాలా తేలిక కూడా. అయితే ఈ మొక్కను పెంచడంలోనూ, వాడడంలోనూ కూడా ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు తెలియకపోతే మొదటిదాంట్లో తోట పాడవుతుంది, రెండవదాంట్లో ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక ఈ వారం ఆ రెండు సంగతులూ వివరంగా చెప్పుకుందాము.

ఏది తుంగ?

ముందు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకోండి. చాలామంది గరికను, తుంగను ఒకటే అనుకుంటారు. గరిక గడ్డిజాతి. దాని కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు ఉంటాయి. తుంగ గడ్డిలా కనిపించే వేరే కుటుంబానికి చెందినది. పూలకాడను రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పి చూడండి. మూడు అంచులు వేలికి తగులుతాయి. కణుపులు ఉండవు. ఆకులు నిగనిగలాడుతూ మొదట్లో మూడు వరుసలుగా వస్తాయి. పూత ఎరుపు కలిసిన గోధుమరంగులో గొడుగు పుల్లల్లాగా విచ్చుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని సైపరస్ రొటండస్ అంటారు.

అసలు గుర్తు భూమిలో ఉంటుంది. మెల్లగా తవ్వి చూస్తే సన్నని వేరు తీగకు పూసలు గుచ్చినట్లు దుంపలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. పైన నల్లటి తోలు, లోపల తెల్లటి గుజ్జు. గిల్లి వాసన చూస్తే కర్పూరాన్ని, తడిమట్టిని కలిపినట్లు ఘాటైన పరిమళం. రుచి చేదు, వగరు. ఇదే జాతిలో పసుపు పూత పూసే తుంగ ఒకటి ఉన్నది. దాని దుంపలు తీగ చివర ఒక్కొక్కటిగానే ఉంటాయి, గొలుసుగా ఉండవు, తింటే తియ్యగా ఉంటాయి. మందుకు వాడేది అది కాదు. చాపలు అల్లే పొడవాటి తుంగ కూడా వేరు. అత్తరుల వారు వాడే నాగరముస్తలు ఇంకొక జాతి.

ఒక హెచ్చరిక. తెలియని దుంపను రుచి చూసి గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి. కంచెల మీద ఎర్రగా, పచ్చగా అగ్గిలాంటి పూలు పూసే అడవినాభి దుంప తీవ్రమైన విషం. పైన చెప్పిన మూడంచుల కాడ, గొలుసు దుంపలు, పరిమళం, ఈ మూడూ కలిసి ఉంటేనే అది తుంగముస్త.

పూర్వులు ఏమన్నారు?

మన వైద్య గ్రంథాలలో దీని పేరు ముస్త. మేఘానికి ఎన్ని పేర్లున్నాయో ముస్తకు అన్ని పేర్లు. ఘన, అంబుద, వారిద అని మందుల పట్టికలో కనిపిస్తే అది మబ్బు కాదు, మన తుంగముస్తే. పందులకు ఈ దుంపలంటే మహా ఇష్టం. అందుకని క్రోడేష్ట అని కూడా పేరు పెట్టారు. క్రోడము అంటే వరాహము.

చరకుడు దీనిని ఆకలి పుట్టించేవాటిలో, అరుగుదల చేసేవాటిలో, పలుచని విరేచనాన్ని గట్టిపరచేవాటిలో శ్రేష్ఠమైనదిగా చెప్పాడు. దప్పికను అణచే పది ద్రవ్యాలలోను, దురదను పోగొట్టే పదింటిలోను, తల్లిపాలను శుద్ధి చేసే పదింటిలోను దీనిని చేర్చాడు. వాగ్భటుడు జ్వరానికి ముస్త, పర్పాటకముల జంటను ముందు నిలబెట్టాడు. మన వైద్యుల లెక్క ప్రకారం ఇది చేదు, కారం, వగరు రుచులు కలది, చలువ చేసేది, కఫ పిత్తాలను తగ్గించేది.

చైనా దేశపు వైద్యంలోనూ ఈ దుంపకు పెద్ద పీట ఉన్నది. అక్కడ షియాంగ్ ఫూ అనే పేరుతో ముఖ్యంగా స్త్రీల బహిష్టు నొప్పులకు వాడతారు. ఈనాటి పరిశోధకులు దీని తైలంలో ఆల్ఫా సైపరోన్, ముస్తకోన్ వంటి పదార్థాలను గుర్తించారు. ముస్తకోన్ అనే పేరులోనే మన ముస్త ఉన్నది. వాపు, విరేచనాలు మొదలైనవాటి మీద దీని ప్రభావాన్ని పరీక్షించారు గాని, వాటిలో ఎక్కువ భాగం ఎలుకల మీద, గాజు నాళికలలో చేసినవి. ఎలుకకు పనిచేసినదంతా మనిషికి పనిచేస్తుందని అనుకోరాదు. ఇది మంచి ఇంటిమందు. సర్వరోగ నివారిణి కాదు.

నేలలో ఎందుకు నాటరాదు?

1977లో వెలువడిన ప్రపంచపు కలుపు మొక్కల గ్రంథంలో మొదటి స్థానం ఈ తుంగకే దక్కింది. 92 దేశాలలో, 52 రకాల పంటలలో ఇది కలుపుగా ఉన్నదని అందులో లెక్క కట్టారు. మీరు పైన ఆకు పీకితే తీగ తెగుతుంది. తెగిన తీగ మీద నిద్రపోతున్న దుంపలన్నీ మేలుకొని తలా ఒక మొలక వేస్తాయి. ఒక మొక్కను పీకి నాలుగు మొక్కలను పుట్టించినట్లవుతుంది. దాని మొలక సూదిలా ఉంటుంది. పొలాల్లో కప్పే ప్లాస్టిక్ పరదాను సైతం పొడుచుకుని పైకి వస్తుంది.

కనుక మందుకు పనికొస్తుందని పూలమొక్కల పక్కన, కూరపాదుల పక్కన నాటకండి. మూడు వర్షాకాలాలు గడిచేసరికి మీ పెరడు మీది కాకుండా పోతుంది. దీనికి తగిన చోటు తొట్టి మాత్రమే.

పెంచే విధానం

తొట్టి: లోతు ఒక అడుగు, వెడల్పు అడుగున్నర ఉంటే చాలు. సిమెంటు గోలెం, పాత ప్లాస్టిక్ టబ్బు ఏదైనా సరే. అడుగున రెండు మూడు రంధ్రాలు ఉండాలి. రంధ్రాల మీద సన్నని జల్లెడ గుడ్డ పరవండి. తొట్టిని నేల మీద పెట్టకుండా బండ మీదనో, ఇటుకల మీదనో పెట్టండి. లేకపోతే వేరు తీగ రంధ్రంలో నుంచి దిగి నేలలో కాపురం పెడుతుంది.

మట్టి: రెండు పాళ్లు చెరువు మట్టి గాని ఒండ్రుమట్టి గాని, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఇసుక కలపడం మరువకండి. ఉత్త జిగటమట్టిలో దుంపలు పెరుగుతాయి గాని తవ్వి తీసేటప్పుడు ప్రాణం విసుగుతుంది.

విత్తనం: దీనికి గింజలు నమ్మకం లేదు. దుంపలే విత్తనం. కొట్టులో అమ్మే ఎండు దుంపలు మొలవవు. శుభ్రమైన పొలం గట్టు నుంచో, చెరువు గట్టు నుంచో అయిదారు పచ్చి దుంపలు తెచ్చుకోండి. జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో తొలకరి పడగానే జానెడు ఎడంగా, రెండు వేళ్ల లోతున నాటండి. వారం, పది రోజులలో మొలకలు వస్తాయి. మొలిచిన నెల, నెలన్నరకే అడుగున కొత్త దుంపలు ఊరడం మొదలవుతుంది.

ఎండ: తుంగ నీడను ఓర్వదు. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలేచోట ఉంచండి. నీడలో ఆకు పొడవుగా సాగి, దుంప చిన్నబోతుంది.

నీరు: మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. వేసవిలో రెండు పూటలా పోయండి. తడి ఉండాలన్నాను గాని, నీళ్లు నిలవ ఉండాలని అనలేదు. తొట్టిలోనూ, దాని కింద పళ్లెంలోనూ నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం, పది రోజులలో ఆ గుడ్డు దోమై ఎగురుతుంది. జ్వరానికి మందు పెంచబోయి జ్వరాన్నే పెంచుకున్నవారమవుతాము. పళ్లెం పెట్టకండి. పెడితే వారానికొకసారి తప్పక వంచి, తుడిచి, ఆరబెట్టండి.

ఎరువు: రెండు నెలలకు ఒకసారి గుప్పెడు చివికిన ఎరువు చాలు. నోట్లో వేసుకునే మందుకు పురుగుమందులు, కలుపుమందులు చల్లవద్దు. పంటపొలంలో దొరికింది కదా అని తవ్వి తెచ్చి నేరుగా వాడవద్దనేది కూడా ఇందుకే. తుంగను చంపడానికే అక్కడ మందులు కొడుతున్నారు. మురుగు కాలువ పక్కన, ఫ్యాక్టరీ నీళ్లు పారేచోట పెరిగినవి అసలే తేవద్దు. ఆ మురికిలోని క్రిములు, సీసం వంటి లోహాలు దుంపను పట్టుకుని మీ ఇంటికి వస్తాయి. ఇంట్లో పెంచుకోవడంలో ఉన్న అసలు లాభం ఇదే. ఏ నీళ్లు తాగి పెరిగిందో మీకు తెలుస్తుంది.

తీయడం: ఆకులు పసుపుబారినప్పుడు, పుష్య మాఘ మాసాలలో తీయవచ్చు. చేత్తో పీకకండి. పెద్ద గోనెపట్టా పరచి తొట్టి మొత్తం బోర్లించండి. మట్టి రాలగొట్టి దుంపలు ఏరండి. మంచివి అయిదారు మళ్లీ నాటుకోవడానికి పక్కన పెట్టండి. మిగిలినవి నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, గోనెగుడ్డ మీద రుద్దితే పీచువేళ్లు ఊడిపోతాయి. ముక్కలుగా కోసి, విరిస్తే టక్కున విరిగేదాకా ఎండబెట్టి, తడిలేని గాజు సీసాలో పోసి మూత బిగించండి. బూజు కనబడినా, పరిమళం పోయినా పారేయండి.

ఇక మిగిలిన మట్టి సంగతి. దానిని తోటలో పారబోస్తే చేసిన జాగ్రత్తంతా వృథా. డాబా మీద పలుచగా పరచి, రోజూ తిరగేస్తూ, పొడిపొడిగా అయ్యేదాకా ఎండబెట్టండి. తుంగ దుంప తడికి చావదు, కోతకు చావదు, కాని బాగా ఎండిపోతే చస్తుంది. ఎండిన మట్టిని జల్లెడపట్టి తిరిగి ఆ తొట్టికే వాడుకోండి.

వాడే విధానం

చూర్ణం: ఎండిన దుంపలు దంచి వస్త్రగాళితం పట్టండి. పెద్దవారు ఒకటి నుంచి మూడు గ్రాముల వరకు, భోజనానికి ముందు, గోరువెచ్చని నీటితో గాని మజ్జిగతో గాని పుచ్చుకోవచ్చు. తిన్నది అరగక కడుపు ఉబ్బరించినప్పుడు చిటికెడు శొంఠిపొడి కలుపుకోవచ్చు. రెండు మూడు రోజులు చాలు. నెలల తరబడి తినేది కాదిది.

షడంగ పానీయం: తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి, ఈ ఆరూ కలిపి మొత్తం 12 గ్రాములు. ముప్పావు లీటరు నీటిలో వేసి సగం మిగిలేదాకా కాచి, వడగట్టి, చల్లార్చి, జ్వరంలో దప్పిక అయినప్పుడల్లా కొద్దికొద్దిగా తాగించడం చరకుని కాలం నుంచి ఉన్న పద్ధతి. "జ్వరం వస్తే మంచినీళ్లు ఇవ్వకూడదు" అని ఇప్పటికీ కొన్ని ఇళ్లలో నోరెండబెడుతున్నారు. మన వైద్యం అట్లా చెప్పలేదు. జ్వరపడిన మనిషికి కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వమనే చెప్పింది.

ధాన్యపంచకం: ధనియాలు, శొంఠి, తుంగముస్తలు, కురువేరు, లేత మారేడుకాయ గుజ్జు. అజీర్ణంతో కూడిన విరేచనాలకు వైద్యులు ఇచ్చే కషాయం ఇది. మోతాదు వైద్యుని అడిగి తీసుకోండి.

నలుగుపిండి: పెసరపిండిలో పదో వంతు తుంగముస్తల పొడి కలిపితే చెమట కాయలకు, చెమట వాసనకు బాగుంటుంది. మొదట మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసి, దురద లేకపోతేనే ఒంటికి వాడండి.

గర్భిణులు దీనిని లోపలికి తీసుకోవద్దు. మలబద్ధకం ఉన్నవారికి ఇది మరింత బిగిస్తుంది. రోజూ మందులు వాడే చక్కెరవ్యాధి, రక్తపోటు రోగులు డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. అయిదేళ్లలోపు పిల్లలకు ఇంట్లో కషాయాలు మీరే నిర్ణయించి పట్టవద్దు.

అసలు చెప్పవలసిన మాట

తల్లులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. పసిబిడ్డకు నీళ్ల విరేచనాలవుతుంటే తుంగముస్తలు అరగదీస్తూ కూర్చోకండి. విరేచనం ఆగడం లేదన్నది రెండో బాధ. ఒంట్లో నీళ్లు, లవణాలు పోతున్నాయన్నది మొదటి ప్రమాదం. బిడ్డ ప్రాణాన్ని తీసేది అదే. "నీళ్లు పడితే ఇంకా అవుతాయి" అని నోరు కట్టేయడం ఘోరమైన పొరపాటు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకెక్కించే సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడాబైకార్బొనేటు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశాడు. 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ నీళ్లే నేడు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లుగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనూ, మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయి.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉంటే అన్ని నీళ్లలోనే, మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపండి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. కలిపిన నీటిని 24 గంటలు దాటి ఉంచవద్దు. ప్యాకెట్ అందుబాటులో లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అన్నీ టీ చెంచా కొలతతో, తలగొట్టి. తల్లిపాలు ఆపవద్దు. జింకు మాత్రలు ఎన్ని రోజులు వేయాలో ఆరోగ్య కార్యకర్తను అడగండి.

కళ్లు లోతుకు పోవడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం, మూత్రం తగ్గడం, మగతగా పడి ఉండడం, విరేచనంలో నెత్తురు, ఏది తాగినా వాంతి కావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండండి. జ్వరం విషయంలోనూ అంతే. మూడు రోజులు దాటినా, ఒంటిపై ఎర్రని మచ్చలు వచ్చినా, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, చిగుళ్ల నుంచి నెత్తురు కారినా కషాయం పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించండి.

ఒకటి రెండు సందేహాలు

"తొట్టిలో తుంగ మరీ ఒత్తుగా అయి, దుంపలు సన్నబడ్డాయి. ఏమి చేయాలి?" ఏడాదికొకసారి తప్పక బోర్లించి, మట్టి మార్చి, అయిదారు దుంపలు మాత్రమే తిరిగి నాటండి. జాలిపడి అన్నీ ఉంచితే ఏదీ బలవదు.

"పెరట్లో ఇప్పటికే తుంగ పాకిపోయింది. పోగొట్టే ఉపాయం?" ఎండాకాలంలో లోతుగా తవ్వి దుంపలు పైకి తెచ్చి, నీళ్లు పెట్టకుండా ఎండకు వదలండి. తర్వాత అలసందలు, చిలగడదుంప వంటి నేలను కప్పే పాదులు వేసి నీడ పడనివ్వండి. మొలక కనబడినప్పుడల్లా దుంపతో సహా తీయండి. ఒక ఏడాదితో పోదు. మూడేళ్లు ఓపిక పట్టాలి.

"పచ్చిదుంప వాడవచ్చునా?" నలుగుకు అరగదీసి వాడవచ్చు. కడుపులోకి మాత్రం శుభ్రం చేసి ఎండబెట్టినదే మేలు.

తుంగ తొట్టి ఒకటి ఇంట్లో ఉంటే మంచిదే. అయితే ఈ వారం మీరు చేయవలసిన మొదటి పని తుంగ నాటడం కాదు. మందుల షాపుకు గాని, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి గాని పోయి రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు తెచ్చి, అందరికీ తెలిసేచోట, పోపుల డబ్బా పక్కన పెట్టండి. తేదీ దాటకుండా చూసుకోండి. ఆ తర్వాత తొట్టి సంగతి చూడవచ్చు.

వచ్చే వారం: వట్టివేళ్లు పెంచే పద్ధతి, వాటి ఉపయోగాలు.